సీయోను క్యాసెట్టు

రెగే అనే మాటను నేను మొదట చదివింది కుప్పం రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న క్యాసెట్ల కొట్టులో. చదివానే గానీ అదేమిటో తెలియలేదు. ఏదో ఊరిపేరనుకున్నాను. తొంభైలు సగం దాటిన రోజులవి, నాకు పద్దెనిమిదేళ్లు. కుప్పంలో డిగ్రీ చదువుతూ స్టేషన్ వెనక ఒక గదిలో ఉండేవాణ్ని. ఇల్లు పుంగనూరు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి వి.కోట, పలమనేరు మీదుగా ఇల్లు చేరి, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించి, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవాణ్ని. మా సంఘంలో కీబోర్డు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతి నాకు అవసరానికి మించే తెలుసు.

ఆ వారం అయ్యగారు, అంటే మా పాస్టరు, నాకొక పని అప్పగించారు. యువజన ఆదివారానికి పిల్లల చేత ఒక ఇంగ్లీషు పాట పాడించాలి, బెంగళూరు సరుకు కుప్పం దాకా వస్తుంది గనుక అక్కడ మంచి ఇంగ్లీషు క్రైస్తవ పాటల క్యాసెట్టు చూసి తెమ్మన్నారు. కొట్టతను మూలనున్న డబ్బాలోంచి ఒకటి తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడు. అట్ట మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారలు, మధ్యలో కిరీటం పెట్టుకున్న సింహం, దాని పైన రెగే అన్న మాట. వెనక చూస్తే రెండు పాటల పేర్లలో సీయోను ఉంది, ఒకదానిలో బబులోను, ఇంకొకదానిలో యూదా సింహం. అన్నీ బైబిలు మాటలే, ఇంకేం కావాలి? మావాళ్లలో ఎవరైనా అదే కొనేవాళ్లు. అయ్యగారే స్వయంగా వచ్చినా అదే కొనేవారు. అది రెండేళ్లుగా అక్కడే పడి ఉందని, ఎవరూ ముట్టుకోలేదని, నిజంగానే కావాలా అని కొట్టతను అడిగాడు. పాపం, అతనికి వాక్యం తెలియదులే అనుకున్నాను.

గదికొచ్చి టేప్‌రికార్డర్‌లో పెట్టగానే క్యాసెట్టు చెడిపోయిందనిపించింది. దెబ్బ పడాల్సిన చోట పడటం లేదు. ఒకటీ అని లెక్కపెట్టే చోట ఖాళీ. డ్రమ్ము ఆ తర్వాత ఎప్పుడో, తీరిగ్గా వస్తోంది. గిటారు మధ్యమధ్య టక్కుమని తెగిపోతోంది. దూదికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిచాను. పెన్సిలు పెట్టి టేపు బిగించాను. మళ్లీ అదే. రెండో వైపు తిప్పితే అక్కడ ఇంకా పాత పాటలు, వేగంగా, బాకాలతో, ఒక్కచోట నిలవకుండా గెంతుతున్నాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో స్కా అని ఉంది. రెగే కంటే అది ముందు పుట్టిందని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. అందులోనూ గిటారు తప్పు చోటే మోగుతోంది. ఇంతమంది వాయిద్యగాళ్లు కూడబలుక్కుని ఒకే తప్పు చెయ్యరు గదా అని అప్పుడు తట్టింది.

మోకాలి మీద తాళం వేసుకుంటూ కూర్చున్నాను. నా చెయ్యి ఒకటి మీదే పడుతోంది, పాటేమో ప్రతిసారీ తప్పించుకుపోతోంది. ఆ ఇంగ్లీషు నాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ ఏదో పోగొట్టుకున్నవాళ్లు, దాన్ని గురించి ఎవరినీ బతిమాలకుండా పాడుతున్నారని మాత్రం తెలిసింది. ఆరాధనలో ఏడ్చేవాళ్లను చూసి లోలోపల నవ్వుకునే రకాన్ని నేను. అలాంటివాణ్ని ఆ సాయంత్రం భోజనానికి కూడా లేవలేదు.

పుంగనూరులో ఆ క్యాసెట్టు విని అయ్యగారు సంతోషించారు. సీయోను అని వినబడ్డప్పుడల్లా తలూపారు. ఆరాధన మొదలయ్యే ముందు, జనం వచ్చి కూర్చునేదాకా మైకులో పెట్టమన్నారు. అలా వరుసగా కొన్ని ఆదివారాలు మా సంఘం రెగే విన్నది. స్త్రీల సమాజం పెద్దమ్మలు ముసుగులు సర్దుకుంటూ, ఆ పాటలు వింటూ లోపలికొచ్చి చాపల మీద కూర్చునేవాళ్లు. దానికి సీయోను క్యాసెట్టు అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అయినా ఆ ఆదివారాల్లో మా చర్చిలో ఎవరూ తప్పు పాట వినలేదనే నా నమ్మకం.

ఇక్కడ మా తాత సంగతి చెప్పాలి. ఆయన ఒకప్పుడు పలక కొట్టేవాడు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, మెడకు తగిలించుకుని, రెండు పుల్లలతో కొట్టేది పలక. జాతరకైనా చావుకైనా అది లేనిదే ఊళ్లో పని జరగదు. కొట్టేవాళ్లను మాత్రం ఊరు దూరంగా నిలబెడుతుంది. తాత ముప్పై ఏళ్లు దాటాక బాప్తిస్మం తీసుకున్నాడు. మా సంఘంలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పలక కొట్టేవాళ్లెవరైనా బాప్తిస్మానికి వస్తే, నీళ్లలోకి దిగేముందు అందరి ఎదుటా తమ పలక తోలును తమ చేత్తోనే కత్తితో కొయ్యాలి. తాత కోశాడు. ఆ తర్వాత మా ఇంట్లో పలక మాటే లేదు. చిన్నప్పుడు నేను కంచం మీద వేళ్లతో దరువేస్తే నాయన వేళ్ల మీద కొట్టేవాడు.

నాయనకు ఆ కోపం ఊరికే రాలేదు. ఆయనకు ఆరేడేళ్లప్పుడు, ఎవరింట్లోనో చావుకు తాత ఎండలో నిలబడి పలక కొడుతుంటే, ఆ ఇంటివాళ్లు సంగటి ముద్దను ఆకులో చుట్టి దూరం నుంచి విసిరారట. దాన్ని పట్టుకున్నది నాయన. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పాడు, రెండోసారి అడిగితే లేచి వెళ్లిపోయాడు. తర్వాత చదువుకుని ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరయ్యాడు. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటేవాడు కాదు. పలక పోయింది గనకే మనిషిగా బతుకుతున్నామని ఆయన గట్టి నమ్మకం. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, తాత చర్చి మెట్ల మీద కూర్చుని ఉండగా ఆయన వేళ్లు రాయి మీద కదలడం చూశాను. అవి సరిగ్గా పాట దెబ్బ పడే చోటే పడుతున్నాయి. నేను నెలరోజులు తిప్పలు పడినా పట్టుకోలేని చోటది. ఇంటికెళ్లాక ఆ క్యాసెట్టు మళ్లీ పెట్టమన్నాడు. నాయన డ్యూటీలో ఉన్నాడు. తాత టేప్‌రికార్డర్ మీద అరచెయ్యి ఆనించి ఒక వైపంతా విన్నాడు.

"ఎవురప్పా ఈళ్లు?" అన్నాడు.

తెలియదన్నాను.

"ఎవురైతేనేం. ఈళ్ల ఇండ్లల్లో పలక ఉండింది."

తర్వాత మెల్లగా చెప్పాడు. శవం వెనక నడుస్తూ కొట్టే దరువులో తమవాళ్లు మొదటి దెబ్బ కొట్టరట. అది పోయిన మనిషిదట. ఆ మనిషి అడుగు ఇక పడదు గనుక ఆ చోటు అతనికి వదిలేసి, మిగతావి కొడతారట. పీట తిరగేసి, రెండు వేళ్లతో కొట్టి చూపించాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. వెళ్లి వీధి తలుపు వేసింది. నాకు రెగే అంటే ఏమిటో తెలిసింది ఆ మధ్యాహ్నమే. తర్వాత చదివినవన్నీ దాని మీద చేర్చుకున్నవే.

యువజన ఆదివారం నాడు ప్రసంగానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చారు. లోపలికి అడుగుపెడుతూనే మైకులో ఆ పాట విని ఆగిపోయారు. ఇవి క్రీస్తు పాటలు కావని, వీళ్లు ఎక్కడో ఒక రాజును దేవుడంటారని, గంజాయి తాగడం వాళ్ల భక్తిలో భాగమని అయ్యగారి చెవిలో చెప్పారు. అయ్యగారు మంచి మనిషి. కోపం కంటే ఆయనకు అవమానం ఎక్కువైంది. ఆరాధన మధ్యలో నన్ను లేపి, సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. మూడు నెలలు కీబోర్డు ముట్టొద్దన్నారు. నాయన ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆ వంచిన తల, చొక్కా కాలరు నాకు ఇప్పటికీ కనబడతాయి.

ఆ మూడు నెలలు నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాటలు వాయిద్యం లేకుండానే సాగిపోయాయి, నేను లేనందుకు ఏదీ ఆగలేదు. నాకు పొగరెక్కువని చెప్పాను గదా, అది ఆ మూడు నెలల్లో భయంగా మారింది. మళ్లీ జనం ముందు అలా నిలబడే పని ఈ జన్మలో చెయ్యకూడదని నిర్ణయించుకున్నాను. క్యాసెట్టు మాత్రం పారెయ్యలేదు. కుప్పం గదిలో తలుపులు మూసి, సౌండు తగ్గించి వినేవాణ్ని. ఇష్టమైనదాన్ని అలా దాచుకుని వినడం అలవాటైపోయింది.

మరుసటి ఏడు తాతకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మదనపల్లె ఆసుపత్రిలో చేర్చారు. నాకు సెలవులు, పగలంతా నేనే దగ్గరుండేవాణ్ని. ఒక మధ్యాహ్నం టమోటా లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే, అవి దాటేదాకా ఆగి తాత నన్ను దగ్గరకు పిలిచాడు.

"నన్ను ఎత్తుకపోయేటప్పుడు పలక కొట్టీయప్పా," అన్నాడు. "సోమలలో మా తమ్ముని కొడుకులుండారు. ఆళ్లు ఇంకా కొడతాండారు."

నాయనకు చెప్పమన్నాను.

"వానికాడ అడగను. వాడు పడింది నాకు తెలుసు. నీకైతే అర్థమవుతాదని నీకు చెప్తాండా."

సరే అన్నాను. అంత తేలిగ్గా అన్నాను ఆ మాట. ఆయన కళ్లు మూసుకున్నాడు, నేను మంచం పక్కనున్న ఫ్లాస్కు కడగడానికి వెళ్లాను. ఆ సాయంత్రం నాయన వస్తే చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఆ వారమంతా చెప్పలేదు. పలక మోగితే అయ్యగారు ఏమంటారో, సంఘం ఎవరి వైపు చూస్తుందో నాకు ముందే కనబడుతోంది. ఇంకా సమయముందిలే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

తాత ఆ నెల దాటలేదు. పుంగనూరు తీసుకొచ్చాం. మర్నాడు పొద్దున పెట్టె సిద్ధమైంది, సంఘపెద్దలు వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. నాయన అయ్యగారింటికి వెళ్లాడని ఎవరో అన్నారు. సమాధి పని గురించేమో అనుకున్నాను. అంతలో సందు మొగలో పొగ కనబడింది. వెళ్లి చూస్తే సోమల నుంచి ముగ్గురు వచ్చి ఉన్నారు, నాయనకు తమ్ముడి వరసవాళ్లు. కాగితాలు, గడ్డి వేసి చిన్న మంట చేసి, పలకలు కాచుకోబోతున్నారు. కాస్తే తోలు బిగుస్తుంది, మోత బాగా వస్తుంది. నన్ను చూసి వాళ్లలో పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"పెదనాయన ఏమన్నా చెప్పిపోయినాడా అప్పా? పలక కొట్టమనేమైనా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దలు వరండాలోంచి మా వైపే చూస్తున్నారు.

"లేదు చిన్నాయనా," అన్నాను. "ఏమీ చెప్పలేదు. మా సంఘంలో పలక కొట్టరు."

ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు. మిగతా ఇద్దరూ కాళ్లతో మన్ను తోసి మంటను ఆర్పేశారు. పలకలను గోనెసంచుల్లో చుట్టి గోడవారన పెట్టి, లోపలికి వచ్చి తాత కాళ్లు ముట్టుకున్నారు. భోంచేసి పొమ్మని అమ్మ అడిగితే, పలక లేకుండా శవం వెనక నడిచేది తమకు చేతకాదని చెప్పి బస్టాండు వైపు వెళ్లిపోయారు. కాసేపటికి నాయన వచ్చాడు. సందు మొగలో ఆగి, ఆ బూడిద చూసి, లోపలికొచ్చి సోమలవాళ్లు ఏరని అడిగాడు. వచ్చి పోయారన్నాను. ఆయన వెళ్లి పెట్టె పక్కన నిలబడ్డాడు. మేము పాటలు పాడుతూ తాతను తీసుకెళ్లాం. అన్నీ క్రమంగా జరిగాయని అందరూ మెచ్చుకున్నారు.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు కుప్పంలోనే ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటరు పెట్టినప్పుడు నేను మొదట వెతికింది ఆ రెండు మాటలనే, రెగే, స్కా. ఆ పాటలు పుట్టింది ఎక్కడో ఒక దీవిలోనని, ఆ దీవి మనుషులను చెరకు తోటల్లో బానిసలుగా పనిచేయించడానికి పట్టుకొచ్చారని, తోటల దొరలు వాళ్ల డ్రమ్ములు మోగకూడదని కట్టడి చేశారని అక్కడ చదివాను. లేచి బయటికొచ్చి రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాను. వాళ్ల డ్రమ్ములను దొరలు ఆపారు. మా పలకలను మా చేత్తోనే కోయించారు. కోయడానికి మావాళ్లకున్న కారణాలు చిన్నవి కావని నాకు తెలుసు. అయినా దుఃఖం దుఃఖమే.

నాయన రిటైరయ్యాక ఒకసారి నా దగ్గర ఉండటానికి వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం, కంప్యూటర్‌లో ఆ పాటలే చిన్నగా పెట్టుకుని ఉన్నాను. ఆపబోతే ఆయన వద్దన్నాడు. మంచం మీద కూర్చుని కాసేపు విన్నాడు. ఉన్నట్టుండి, తాత పోయిన రోజు పొద్దున తాను అయ్యగారింటికి ఎందుకు వెళ్లాడో తెలుసా అని అడిగాడు. సమాధి గురించి కదా అన్నాను.

కాదట. పలక గురించట. సోమలవాళ్లు బస్సు దిగి గోనెసంచులతో నడిచొస్తుంటే నాయన దూరం నుంచి చూశాడట. వాళ్లను చూడగానే తన తండ్రిని ఆ మోత లేకుండా పంపడం తన వల్ల కాదనిపించిందట. గంటసేపు అయ్యగారిని బతిమాలాడట. సందు మొగ నుంచి పెద్దవీధి మలుపు దాకా కొట్టుకోనిస్తామని, అక్కడి నుంచి సంఘం పాటలు పాడుతుందని అయ్యగారు చివరికి ఒప్పుకున్నారట. ఆ మాట తీసుకుని వస్తే సందులో బూడిద ఉంది.

"మా నాయన నా కాడ అడగలే," అన్నాడు. "అడక్కుండానే పోతి నేను. అది ఆయనకి తెలీకనే పాయె."

చెప్పకుండా ఉండటానికి ఇక నాకు చోటు మిగల్లేదు. మదనపల్లెలో తాత అడిగింది, నేను సరే అన్నది, సందు మొగలో వాళ్లు అడిగింది, నేను లేదన్నది, అన్నీ చెప్పాను. నాయన తిడతాడనుకున్నాను. ఆయన లేచి మొహం కడుక్కొచ్చి, చొక్కా వేసుకుని, రేపు పొద్దున సోమలకు పోదామన్నాడు. తాత పలక అడిగాడని వాళ్లకు తెలియాలన్నాడు.

సోమలలో ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు. ఆ రోజు నన్ను అడిగిన పెద్దాయనే మిగిలి ఉన్నాడు, ఇంటి ముందు వేరుశనక్కాయలు ఒలుస్తూ. నాయన పక్కన నిలబడి నేనే చెప్పాను, ఆ రోజు అబద్ధమాడానని, తాత పలక అడిగాడని. ఆయన చేతిలో కాయలు పక్కన పెట్టాడు.

"మాకు తెలుసప్పా," అన్నాడు. "మదనపల్లె నుంచి ఆయనే మాకు కబురు పంపినాడు, రమ్మని. ఇంటోళ్ల నోట కొట్టమనే మాట రాకుంటే మేము పుల్ల ఎత్తకూడదు. అందుకని నిన్ను అడిగింది. మీ ఇంట్లో ఎవురు చెప్తారని మేము అడిగితే, మనవడు చెప్తాడులే అని కబురు జేసినాడు."

నాయన నా వైపు చూడలేదు. పెద్దాయన మాకు కూర్చోవడానికి చాప తెమ్మని లోపలికి కేకేశాడు.